ఆదివారం బిగిసే బ్రేకు

హలో... గ్రూపులో ఉన్నారా అండీ? అందరూ బాగున్నారా? నేనండీ, గుడివాడ ప్రకాశరావుని. భోజనాలైపోతే ఒక పది నిమిషాలు నాకివ్వండి. ఇది మా పెద్దమ్మ హన్నా గారి కథ, పంతొమ్మిది వందల అరవై మూడులో జరిగింది. ఆవిడ చెబుతుంటే పక్కన కూర్చుని విన్నవాణ్ణి. నా మాటల్లో రాస్తే చప్పగా ఉంటుందని ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. కాబట్టి ఇక్కణ్ణుంచి "నేను" అంటే ప్రకాశరావు కాదు, మా పెద్దమ్మ. చదవండి మరి.

"నీకు మునుపటి సత్తువ లేదు హన్నా," అన్నారు మా ఆయన, నేను ఆయన చొక్కాలకి గంజి పెడుతుంటే. అది శనివారం సాయంత్రం. నాలుగింటికి లేచి నీళ్ళు తోడి, పొయ్యి రాజేసి, అత్తయ్య మోకాళ్ళకి కాపడం పెట్టి, ఐదు మైళ్ళు సైకిలు తొక్కి, డెబ్భై మంది పిల్లలతో ఎక్కాలు చెప్పించి, మళ్ళీ ఐదు మైళ్ళు తొక్కుకుంటూ వచ్చి, ఆరు చొక్కాలు గంజిలో ముంచుతున్న మనిషితో అన్నారు ఆ మాట. అని, గూట్లోంచి టానిక్కు సీసా తీసి, చెంచాలో పోసి, నా నోటికి అందించారు. నా చేతులు గంజిలో ఉన్నాయి కాబట్టి నోరు తెరిచాను. పక్కింటి మహాలక్ష్మి గారు గోడ మీద నుంచి చూసి, "అదృష్టవంతురాలివే అమ్మాయ్, మా ఆయనైతే నేను చచ్చిపోతున్నా అన్నా పేపరు దించడు," అంది. నేనూ అలాగే అనుకున్నాను. అదృష్టవంతురాలిననే.

మా ఆయన కృపానందం గారు రైసుమిల్లులో గుమాస్తా, చర్చిలో సంఘ పెద్ద. నేను నందివాడ వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో పంచాయతీ సమితి స్కూలు టీచర్ని, టెంపరరీ. రెండేళ్ళు మాట రాకుండా చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు. పొద్దున ఆ దారిలో బస్సు లేదు. అందుకని సైకిలు. బందరులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు నేర్చుకున్నాను. అక్కడి ఆసుపత్రిలో పని చేసిన దొరసాని ఒకావిడ తన దేశం వెళ్ళిపోతూ నాకు వదిలేసిన లేడీస్ సైకిలు అది. కడ్డీ బ్రేకులు. పిడి నొక్కితే సన్నటి ఇనప కడ్డీ లాగుతుంది, అటొకటి ఇటొకటి రబ్బరు ముక్కలు వెళ్ళి చక్రం రిమ్మును పట్టుకుంటాయి. అప్పటికి బ్రేకుల గురించి నాకు తెలిసింది అంతే. బ్రేకన్నది ఆపడానికని తెలుసు. ఆపుతున్నట్టు తెలియకుండా కూడా ఆపగలదని తెలియదు.

వరికోతలు మొదలైన దగ్గర్నుంచి సైకిలు బరువెక్కింది. మొదట ఎదురుగాలి అనుకున్నాను. ఆకు కదలని రోజున కూడా అంతే. కాలవ గట్టు మీద తొక్కుతుంటే తొడలు పట్టేసేవి, రొప్పు వచ్చేది. ముప్పావు గంటలో చేరేదాన్ని గంటా పావు పట్టేది. సోమవారం మరీ ఘోరం, శనివారానికి కాస్త నయం. వారమంతా పని చేస్తే ఒళ్ళు అలవాటు పడుతోందని, ఆదివారం సైకిలెక్కకపోతే బద్ధకిస్తోందని నాకు నేనే ఒక లెక్క చెప్పుకున్నాను. ఎంత తెలివి చూడండి. సైకిల్ని అనుమానించకుండా నా ఒంటిని అనుమానించాను. ముప్పై ఏళ్ళు దాటాయి, ఇక ఇంతేనేమో అనుకున్నాను. ఆడదానికి తన ఒంట్లో ఏదో లోపం ఉందని చెబితే ఎంత తొందరగా నమ్ముతుందో.

బడిలో హెడ్మాస్టరు నాగభూషణరావు గారు ఎర్ర సిరాతో లేటు మార్కు పెట్టి, పిల్లల ముందే అనేవారు. "మీరు సైకిలు మీద వస్తుంటే చూసి చాలా పైకొస్తారనుకున్నాం టీచరు గారూ. పైకి రావడం తర్వాత, ముందు బడికి రండి." వెనక బెంచీ వాళ్ళు నవ్వేవాళ్ళు. జనవరి మొదట్లో ఇంకో మాట అన్నారు. "ఫిబ్రవరి రెండో సోమవారం డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. ఆ రోజు ప్రార్థన గంటకి మీరు వరసలో లేకపోతే నేను చెయ్యగలిగిందేం లేదు. మీ కాయితం వెనక్కి పోద్ది, మీరు ఇంటికి పోతారు." అంటే రెండేళ్ళ చాకిరీ ఒక్క పొద్దుటి మీద నిలబడింది.

ఇంట్లో ఆ సంగతి చెప్పాను. మా ఆయన చాలా బాధపడ్డారు. మర్నాడు చర్చిలో లేచి, "సహోదరి హన్నా శారీరక బలహీనత కొరకు సంఘమంతా ప్రార్థించాలి" అని మనవి చేశారు. ఆ పైన ప్రతి ఆదివారం అదే మనవి. మా పాస్టరు దైవాధీనం అయ్యగారు నా పేరు చదవడం, నలభై కుటుంబాలు నా బలహీనత గురించి దేవుడికి చెప్పడం. గుడి మెట్లు దిగుతుంటే ఆడవాళ్ళు మోచెయ్యి పట్టుకుని, "ఏమ్మా, విశేషమా?" అని చెవిలో అడిగేవారు. అత్తయ్య అయితే అడగను కూడా అడగలేదు. నెలలో ఆ రోజులొచ్చినప్పుడు పెరట్లో దండెం మీద నా పాత గుడ్డలు ఆరుతున్నాయో లేదో చూసి పోయేది. ఆరుతున్నాయని తెలిస్తే ఆ పూట నాతో మాట ఉండేది కాదు. "ఉద్యోగం మానేస్తే ఒళ్ళు నిలబడుద్ది, కడుపూ నిలబడుద్ది," అని పొయ్యితో అన్నట్టు అనేది.

ఒక మంగళవారం బడికి పోతుంటే ఊరి చివర చైను ఊడింది. అక్కడే శోభనాద్రి సైకిలు షాపు. అరవై ఏళ్ళ మనిషి, అందరం బాబాయ్ అనేవాళ్ళం. చైను ఎక్కించి, అలవాటు కొద్దీ వెనక చక్రం నేల మీద నుంచి లేపి చేత్తో ఒక్క తిప్పు తిప్పాడు. చక్రం ఒకటిన్నర చుట్టు తిరిగి, ఇసుకలో పడ్డట్టు ఆగిపోయింది. ఆయన నా మొహం చూశాడు, చక్రం చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి తొక్కుతున్నావమ్మా ఇట్టా?"

"రోజూ తొక్కుతున్నా బాబాయ్. ఏం?"

"దున్నపోతు కూడా లాగదు దీన్ని. బ్రేకు రబ్బరు రిమ్ముని వదల్లేదు. నువ్వు బ్రేకు నొక్కుకుంటూ తొక్కుతున్నావన్నమాట, చేత్తో నొక్కకుండానే. రెండు నెలల్నించీ బలం మందు తాగుతున్నావంట కదా, మీ ఆయన చెప్పాడు. ఆ మందు ఈ చక్రానికి పొయ్యాల్సింది."

పానా తీసుకుని కడ్డీ మీద ఒక చిన్న నట్టు తిప్పాడు. మళ్ళీ చక్రం తిప్పితే ఈసారి అది తిరుగుతూనే ఉంది. ఎక్కాను. గట్టు మీద పడ్డాక నాకు ఏడుపొచ్చింది. కాళ్ళు తేలిపోతున్నాయి. నా ఒళ్ళు బాగానే ఉంది. ఈ రెండు నెలలూ బాగానే ఉంది. రెట్టింపు బరువు లాగుతూ, ఇంత నీరసమేంటని తిట్లు తింటూ కూడా బాగానే ఉంది.

ఆ వారమంతా గంట కొట్టకముందే బడిలో ఉన్నాను. ఆ పై సోమవారం మళ్ళీ బరువు.

దిగి, శోభనాద్రి చేసినట్టే చక్రం లేపి తిప్పాను. ఒకటిన్నర చుట్టు. ఆగింది. షాపుకి తోసుకుంటూ వెళ్ళి, "నువ్వు సరిగా బిగించలేదేమో బాబాయ్" అన్నాను, కొంచెం పెడసరంగానే. నిజం చెప్పాలంటే ముందు ఆయన్నే అనుమానించాను. పని కల్పించుకుంటున్నాడేమో అనుకున్నాను.

ఆయన నొచ్చుకోలేదు. చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. "అమ్మాయ్, నలభై ఏళ్ళ నుంచి ఇదే పని. తొక్కే కొద్దీ రబ్బరు అరుగుద్ది. అరిగితే బ్రేకు వదులవుద్ది. వదులవడం దానంతట అది అవుద్ది. బిగుసుకోవడం దానంతట అది అవదు. ఎవరో ఒకరు చెయ్యి పెట్టాలి." పెట్టెలోంచి పానా తీసి, "నన్ను అనుమానించావు కదా, మంచిదే. ఇదిగో పానా. నువ్వే నేర్చుకో, ఇక ఎవర్నీ అడగక్కర్లా" అన్నాడు.

నేర్పాడు. నట్టు కుడి వైపు తిప్పితే రబ్బర్లు రిమ్ముకి దగ్గరవుతాయి, ఎడమ వైపు తిప్పితే దూరమవుతాయి. రబ్బరుకీ రిమ్ముకీ మధ్య పోస్టుకార్డు మడిచి పెడితే అటూ ఇటూ ఆడాలి. ఇటు పక్క ఆడి అటు పక్క ఇరుక్కుంటే బ్రేకు ఒంకరగా ఉన్నట్టు. పిడి సగం నొక్కేసరికి పట్టుకోవాలి, వదలగానే వదలాలి. "వదలాలమ్మా, అది ముఖ్యం. పట్టుకోవడం ఏ బ్రేకైనా పట్టుకుంటది," అన్నాడు. చీర కుచ్చిళ్ళు దోపుకుని నేల మీద గొంతుక్కూర్చుని మూడుసార్లు విప్పి మూడుసార్లు పెట్టాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను. పాత పానా ఒకటి నాకిచ్చేశాడు. అది చేతిసంచిలో పలకల కింద పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నా బుర్ర ఇంకో పని మొదలుపెట్టింది. అన్నం వారుస్తున్నా అదే, బోర్డు మీద రాస్తున్నా అదే. శనివారం సాయంత్రం సైకిలు బాగుంటుంది. సోమవారం పొద్దున బిగిసి ఉంటుంది. మధ్యలో ఉన్నది ఆదివారం. సైకిలు ఉండేది మా వసారాలో. వీధి తలుపు గడియ వేసే ఉంటుంది. అయితే ఎవరు?

మా ఆయన్ని ఆ లెక్కలోంచి ముందే తీసేశాను. ఎందుకంటే అది విశ్రాంతి దినం. మా ఇంట్లో ఆదివారం పని ముట్టుకోరు. మా ఆయన గడ్డం శనివారమే గీసుకుంటారు. పెన్సిలు చెక్కరు, గడియారానికి కీ ఇవ్వరు. ఒకసారి చర్చికి పోతుంటే చెప్పు తెగితే మేకు కొట్టించుకోకుండా ఈడ్చుకుంటూ నడిచారు తప్ప నియమం తప్పలేదు. సంఘంలో పిల్లలకి ఆయన్ని చూపించి బుద్ధి చెబుతారు. అలాంటి మనిషి ఆదివారం పానా పట్టుకుంటారా? ఆ ఇంట్లో ఆదివారం పని చేసేది నేనొక్కదాన్నే. వంట, గిన్నెలు, అయ్యగారి కుటుంబానికి భోజనాలు, అత్తయ్యకి వేణ్ణీళ్ళు. "అది పని కాదు, పరిచర్య," అనేవారు మా ఆయన. సరే, పరిచర్యే.

కాబట్టి మిగిలింది అత్తయ్య. జ్ఞానమ్మ. మోకాళ్ళ నొప్పులని ఆదివారం చర్చికి రాదు. మూడు గంటలు ఇంట్లో ఒక్కతే. ఉద్యోగం మానెయ్యమని రోజూ పోరేది ఆవిడే. అనుకున్న కొద్దీ నిజమనిపించింది. ఆవిడ నడుస్తుంటే చూసేదాన్ని, నొప్పులు నిజమేనా అని. నూనె గిన్నె పట్టుకుంటే వేళ్ళు చూసేదాన్ని, మసి ఉందా అని. "ఏంటే అట్టా గుడ్లప్పగించి చూస్తన్నావ్?" అని కసిరేది. అన్నం పెడుతూనే ఆవిడ మీద కక్ష పెంచుకున్నాను.

పట్టుకోవడం ఎలాగన్నది గంజి గిన్నె ముందు తట్టింది. డిప్యూటీ గారు రాబోయే సోమవారానికి ముందు శనివారం. చొక్కాలన్నీ అయ్యాక గిన్నె అడుగున చిక్కగా మిగిలింది. సైకిలు తుడుస్తున్నట్టు వసారాలోకి వెళ్ళి, పోస్టుకార్డు పెట్టి బ్రేకు సరి చూసుకుని, నట్టూ కడ్డీ కలిసే చోట వేలితో గంజి చుక్క రాశాను. ఆరితే సన్నటి తెల్ల పొర. దుమ్ము పడ్డట్టే ఉంటుంది. కానీ నట్టు తిప్పితే ఆ పొర పగలాల్సిందే. శోభనాద్రికి బ్రేకులతో నలభై ఏళ్ళ అనుభవం ఉంటే నాకు గంజితో తొమ్మిదేళ్ళది ఉంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే, ఇంకా బైబిలు చేతిలో ఉండగానే వంగి చూశాను. పొర అలాగే ఉంది. అత్తయ్య ముట్టుకోలేదు. సిగ్గేసింది. ఆ పూట ఆవిడకి ఇంకో గరిటెడు కూర వేశాను. ఎందుకో ఆవిడకి తెలియదు.

అయ్యగారి కుటుంబం భోంచేసి వెళ్ళారు. అత్తయ్య వసారా పక్క గదిలో మంచం మీద నడుం వాల్చింది. మా ఆయన వసారాలో పడక్కుర్చీలో కీర్తనల పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. నేను పెరట్లో గిన్నెలు తోముకున్నాను. గిన్నెలూ కంచాలూ కలిపి పదిహేడు, గ్లాసులు కాక. అన్నీ బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాను. వంగక్కర్లేకపోయింది. సైకిలు కింద, నేను అలికిన నల్లటి నేల మీద, తెల్లటి గంజి పెచ్చులు రెండు పడి ఉన్నాయి.

మా ఆయన పేజీ తిప్పారు. బొటనవేలి గోరు చుట్టూ నల్లటి గ్రీజు.

"ఏవండీ, సైకిలు ముట్టుకున్నారా?"

"ఊ. చూశా. బ్రేకు వదులుగా ఉంది. బిగించా." తల ఎత్తలేదు. అబద్ధమాడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఆదివారం కదండీ."

అప్పుడు తలెత్తారు. పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "అది పనెలా అవుద్ది హన్నా? భార్య బాగోగులు చూసుకోవడం పనా? ఆ గట్టు మీద నువ్వు ఎంత స్పీడుగా పోతున్నావో నీకు తెలీదు. కొంగు ఎగురుతుంది. మిల్లులో అంతా చూస్తారు. 'ఏమండీ కృపానందం గారూ, అమ్మగారు రైలుకి పోటీ వెళ్తన్నారు, మీరు నడిచొస్తన్నారు' అంటారు. నేనేమన్నా నిన్ను మానమన్నానా? మాననలేదే. కాస్త నిదానంగా వెళ్తావని చేశా. నీ మంచికే."

"ఎన్ని వారాల నుంచి?"

"లెక్క పెట్టుకుంటారా ఇట్టాంటివి?"

"మీకు తెలుసు కదా నాకు లేటు మార్కులు పడుతున్నాయని. రేపు డిప్యూటీ గారొస్తారని తెలుసు కదా. రేపు లేటైతే ఇక నాకు బడి లేదని తెలుసు కదా."

"పోతే పోయింది. ఇంట్లో లోటేం ఉంది?" అని లేచారు. "నీరసంగా ఉన్నావు. టానిక్కు తాగావా?"

అప్పుడు నా లోపల ఏదో తెగుతుందనుకున్నాను. తెగలేదు. ఆలోచన మాత్రం చాలా చల్లగా, చాలా వరసగా నడిచింది. ఈయన ఆదివారం మధ్యాహ్నం నట్టు బిగించేవారు. అంతకు రెండు గంటల ముందు చర్చిలో లేచి నా బలహీనత కోసం ప్రార్థన చెయ్యమనేవారు. రెండూ చేసింది ఒకే మనిషి, ఒకే మనసుతో. అందులో ఆయనకి ఏ తప్పూ కనపడలేదు. మరి తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నా మంచికే చేసినవి ఇంకెన్ని ఉన్నాయి? బందరు స్కూల్లో ఉద్యోగం ఉందని నా స్నేహితురాలు రాసిన ఉత్తరం ఆలస్యంగా అందింది, అది తపాలా వాళ్ళ తప్పేనా? మా అన్నయ్య పెళ్ళికి బయల్దేరేటప్పుడు ఆయనకి జ్వరం వచ్చింది, అది జ్వరమేనా? జరిగిపోయిన ఒక్కొక్క రోజునీ లేపి, చక్రంలా తిప్పి చూడాలనిపించింది, ఎక్కడ ఆగుతుందో అని.

సంచిలోంచి పానా తీశాను. ఆయన ఎదురుగానే నేల మీద కూర్చున్నాను.

"ఏం చేస్తున్నావ్? ఆదివారం!" అన్నారు.

పానా నట్టుకి తగిలించాను. కోపంలో అటూ ఇటూ తెలియక నట్టుని ఇంకా బిగించేస్తున్నాను. గదిలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. పడుకునే ఉంది, కళ్ళు మాత్రం ఇటే ఉన్నాయి. "అటు కాదే అమ్మాయ్. వాడు అటు తిప్పేవాడు. నువ్వు ఇటు తిప్పు."

పానా పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడకి తెలుసు. అన్ని వారాలూ ఆ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. చూస్తూనే నాకు కడుపు నిలబడలేదని సాధించింది. మా ఆయన తల్లి వైపు తిరిగి, "అమ్మా, నువ్వూరుకో," అన్నారు. "ఇన్నాళ్ళూ ఊరుకున్నా కదరా," అంది ఆవిడ, గోడ వైపు తిరిగి పడుకుంటూ. ఆ మాట నా వైపున అన్నదో, తన కోసం అనుకున్నదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఎడమ వైపు తిప్పాను. పోస్టుకార్డు పెట్టి చూశాను. చక్రం లేపి తిప్పాను. అది తిరుగుతూనే ఉంది. ఆ రాత్రి సైకిలు నా మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

సోమవారం బడి తలుపులు నేనే తీశాను. హెడ్మాస్టరు గారు వచ్చేసరికి పిల్లలు వరసల్లో ఉన్నారు. డిప్యూటీ గారు రెండో తరగతి చేత తెలుగు చదివించారు, మూడో తరగతిని భాగహారాలు అడిగారు, నోటుపుస్తకాలు తిరగేశారు. వెళ్ళేటప్పుడు నాగభూషణరావు గారితో, "ఈవిడ కాయితం పంపండి," అన్నారు. ఆయన నా వైపు చూసి, "మీ ఒంట్లో ఎలా ఉందిప్పుడు?" అని అడిగారు. "నా ఒంట్లో ఎప్పుడూ ఏం లేదండీ," అన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "దేవుడి దయ. ప్రార్థన ఊరికే పోదు," అన్నారు. ఆ మాటతోనే నేనేం చెయ్యాలో నాకు తెలిసిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో దైవాధీనం అయ్యగారు ఎప్పట్లాగే మనవుల కాయితం విప్పి, "మన సహోదరి హన్నా శారీరక బలహీనత..." అని మొదలుపెట్టారు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, ఒక సాక్ష్యం చెప్పాలండీ," అన్నాను. మా సంఘంలో సాక్ష్యం చెబుతానని లేచినవాళ్ళని కూర్చోమనే అలవాటు లేదు. ఆడదైనా సరే.

"చెప్పమ్మా," అన్నారు.

"ఇన్ని వారాలుగా మీరంతా నా బలహీనత కోసం ప్రార్థన చేశారు. మీకు వందనాలు. నాకు ఏ బలహీనతా లేదండీ. విశేషమూ కాదు. నా సైకిలు వెనక చక్రానికి బ్రేకు బిగించి ఉంది. ప్రతి ఆదివారం మనం గుడి నుంచి ఇంటికెళ్ళాక ఎవరో బిగిస్తున్నారు. నేను చూసి విప్పుకున్నాను. వేగంగానే వెళ్తున్నాను. ఉద్యోగం నిలబడింది. కాబట్టి నా పేరు తీసెయ్యండి. దయచేసి ఇకనుంచి ఆ బిగించే చేతుల కోసం ప్రార్థన చెయ్యండి."

కూర్చున్నాను. అయ్యగారికి అర్థమైందో లేదో, కాయితం మీద నా పేరు కొట్టేశారు. మనవుల ప్రార్థన నడిపించేది ఎప్పుడూ సంఘ పెద్దే. అలవాటు ప్రకారం మగవాళ్ళ వైపు తిరిగి, "కృపానందం గారూ, ప్రార్థన నడిపించండి," అన్నారు.

మా ఆయన లేచారు. గంజి పెట్టిన తెల్ల చొక్కా. రెండు చేతులూ జోడించబోయి, బొటనవేళ్ళు పిడికిళ్ళలోకి ముడుచుకున్నారు. "పరలోకమందున్న తండ్రీ..." అని ఆగిపోయారు.

సంఘమంతా తలలు వంచి కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు.

అదండీ మా పెద్దమ్మ చెప్పింది. నాకు పెద్దగా రాయడం రాదు, తప్పులుంటే సర్దుకోండి. మీ ఇంట్లో రెట్టింపు బరువు లాగుతూ, నాకే సత్తువ లేదేమో అనుకుంటున్న మనిషి ఎవరైనా ఉంటే, ముందు వాళ్ళకి పంపండి. ఆ తర్వాత మీ గ్రూపుల్లో మగవాళ్ళక్కూడా పంపండి. ఉంటానండీ.